ఆపు, ఆప్పు: కాట్పాడి పక్క రంపం మాటలు

మా నాయన “ఆపు” అని అరిచినాడు. మా అక్క కొడుక్కు అది “ఆప్పు” అని వినబడింది. రెండు మాటలకూ నడుమ తేడా ఒక్క ఒత్తు. ఆ ఒత్తు దెబ్బకు ఆ పొద్దు పిలగాడి చెయ్యి పోవాల్సింది.

కాట్పాడి నుంచి గుడియాత్తం పొయ్యే దోవలో, లత్తేరి దాటినాక మా ఊరు. 2021 నవంబరులో పాలారూ కౌండిన్యా రెండూ పొంగి గుడియాత్తంలో ఏటిగట్టు ఇండ్లు దెబ్బతిన్న వానలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ వానల్లోనే మా కయ్య గట్టు మీది వేపమాను వేర్లతో సహా ఒరిగిపోయింది. మా తాత చిన్నప్పటికే అది పెద్ద మాను అంట. దాన్ని వంటచెరుకు కింద అమ్మేదానికి మా నాయనకు మనసు రాలేదు. పది అడుగుల మొదలు దుంగను ఒకటిగా పెట్టుకొని, తక్కింది తునకలు చేసి, దుంగను గుంట నీళ్లలో ముంచి పెట్టినాము. నీళ్లలో నానితే లోపలి పసరు దిగిపోతుంది, పురుగు పట్టదు అని మా పక్క పాత పద్ధతి. మళ్లీ ఎండాకాలం వచ్చినాక దాన్ని బయటికి లాగి, ఇంటి వెనక చింతమాను నీడలో, మా పాత చైన్ రంపంతోనే పలకలు కోసుకుందామని మొదలుపెట్టినాము.

మిషను నా చేతిలో ఉండాది. చెవులకు మూతలు పెట్టుకున్నాను. మా మేనల్లుడు దుంగకు అవతలి పక్క నిలబడి, కోత మూసుకొని రంపాన్ని కరవకుండా వెనకనుంచి ఆప్పులు దూర్చే పనిలో ఉన్నాడు. మా పక్క ఆప్పు అంటే, మాను చీల్చేటప్పుడో కోసేటప్పుడో సందులో కొట్టే కొయ్య ముక్క. ఒక కొన పల్చగా, ఒక కొన లావుగా ఉంటుంది. మాట తమిళమే, కానీ మా ఇంట్లో అందరం అదే అంటాము. సగం కోత అయినాక దుంగ కింద పెట్టిన రాయి జరగడం మా నాయన కండ్లబడింది. “ఆపు, ఆపు!” అని కేక పెట్టినాడు. నాకు వినబడలేదు. పిలగాడికి వినబడింది, కానీ తమిళంగా వినబడింది. తాత ఆప్పు పెట్టమంటున్నాడు అనుకొని, చేతిలో ఉండే కొయ్య ముక్క తీసుకొని తిరుగుతా ఉండే చైను పక్కకే చెయ్యి చాపినాడు. నా కంటికి వాడి చొక్కా చెయ్యి తగిలి వేలు వదిలేస్తిని. చైను ఇంకా రెండు చుట్లు తిరిగి నిలిచింది. వాడి వేళ్లకూ దానికీ జానెడు దూరం కూడా లేదు.

మా నాయన అట్లనే కూలబడిపోయినాడు. కొంతసేపయినాక, “ఆపమంటే పెడతావేమిరా అబ్బోడా?” అన్నాడు. వాడు, “నువ్వే కదా తాతా ఆప్పు అంటివి” అన్నాడు. వాడిది తప్పు కాదు. పదహారేండ్ల పిలగాడు. బడిలో తమిళం, ఇంగ్లీషు. ఇంట్లో మాత్రమే తెలుగు, అదీ వాళ్లమ్మ పిలిచినంత వరకే. మిషను రొదలో, అరుపులో, ఒత్తు ఉందా లేదా అని ఎవరు పట్టించుకుంటారు?

ఆ రాత్రి నుంచి ఈ రంపం మాటలు నా తలలో తిరుగుతానే ఉన్నాయి. మా తాత కోతరంపం లాగినోడు. మా నాయన మిల్లు చూసినాడు, చైన్ రంపం కొన్నాడు. నేను ఆ పాత మిషనుకు గుండెకాయ మార్చి మార్చి నడిపిస్తా ఉన్నాను. మూడు తరాల్లో పని అదే, మాటలు మాత్రం ఒక్కొక్కటే జారిపోయినాయి. అవి ఏవో, ఎప్పుడు ఎందుకు పోయినాయో నాకు తెలిసినంత వరకు రాస్తాను.

మొదట తాత రంపం. ఆరడుగుల పొడుగు, రెండు కొనలకూ అడ్డంగా కొయ్య పిడి. మా ఇంటి అటకలో ఇప్పటికీ ఉండాది, తుప్పు పట్టి. దుంగను కోయాలంటే రెండు దోవలు. నేలలో మనిషి నిలబడేంత గుంట తవ్వి దానిమీద దుంగను పెట్టడం ఒకటి. గుంట తవ్వలేని రాతినేల అయితే కత్తెర మాదిరి కట్టిన దుంగల మీద మానును ఒక పక్క పైకెత్తి వాలుగా నిలబెట్టడం ఇంకొకటి. పైన ఒకడు, కింద ఒకడు. పైవాడు గీత చూసుకోవాలి, కిందివాడు బలంగా లాగాలి. రంపం పళ్లు కిందికి లాగేటప్పుడే కోస్తాయి, పైకి పొయ్యేటప్పుడు ఊరకే పోతాయి. పొట్టంతా కిందివాడి నెత్తిమీద, కండ్లలో. మా తాత ఎప్పుడూ కిందివాడే. కండ్లు మూసుకొని లాగేది అలవాటైపోయింది, ముసలితనంలో గూడా ఏదైనా బరువెత్తాలంటే మొదట కండ్లు మూసుకుంటాడు అని మా అవ్వ నవ్వేది.

కిందివాడికి పైవాడు కనబడడు, దుంగ నడుమ ఉన్నందుకు మాట కూడా సరిగ్గా వినబడదు. అందుకని వాండ్లు నోటితో “ఆపు” అనేదే లేదంట. పైవాడు దుంగ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొడితే నిలపాలి, ఒక దెబ్బ కొడితే మళ్లీ లాగాలి. ఈ సంగతి మా నాయనకు ఆ పొద్దు సాయంత్రం గుర్తొచ్చింది. “మా నాయన కాలంలో ఈ తగాదానే లేదు” అన్నాడు. ఆ మాట విన్నాక నాకు కొంచెం సిగ్గేసింది. చెవులకు మూతలు, చేతికి తొడుగులు అన్నీ కొనుక్కున్నాము గానీ, ఒకరికొకరు సైగ ఏంటిదో మాట్లాడుకోలేదు.

గీత కొట్టేదాన్ని మా ఇంట్లో “నూలు కొట్టడం” అంటాము. బొగ్గుపొడిలోనో ఎర్రమన్నులోనో ముంచిన దారాన్ని దుంగ మీద రెండు కొనల్లో పట్టుకొని, నడుమ పైకిలాగి వదిలితే చక్కటి గీత పడుతుంది. నూలు అంటే మాకు ఇంకో అర్థం కూడా ఉంది, అంగుళంలో ఎనిమిదో వంతు. “పలక రెండు నూళ్లు జాస్తి వచ్చింది” అంటే పావు అంగుళం మందం ఎక్కువ అని. గుడియాత్తం మగ్గాల ఊరు, అక్కడి లుంగీలకు పేరు. అక్కడ నూలు అంటే వేరే చెప్పక్కర్లేదు. ఒకసారి మా నాయన మగ్గం నేసే బంధువుల ఇంట్లో “మూడు నూళ్లు తగ్గింది” అంటే వాళ్లు కండెలు లెక్కపెట్టుకున్నారంట. అదే నూలు, అదే ఊరు. మగ్గం కాడ ఒకటి, రంపం కాడ ఇంకొకటి.

ఇంత రంపం పని ఈ పక్క ఎందుకుండేది? ఒక్క ముక్కలో చెప్పాలంటే రైలు. దక్షిణ దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1856 జులై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా వచ్చింది. తర్వాత ఆ లైను కాట్పాడి, గుడియాత్తం మీదుగా జోలార్‌పేట తట్టు సాగింది. పట్టాల కింద కొయ్య స్లీపర్లు కావాలి. తొలి రోజుల్లో ఇంజన్లు కూడా ఎక్కువగా కట్టెల మీదే నడిచినాయి. అదే 1856లో మద్రాసు రాష్ట్రానికి హ్యూ క్లెగ్‌హార్న్ అనే డాక్టరును అడవుల సంరక్షకుడిగా వేసినారు. ఆయన 1861లో అచ్చేసిన దక్షిణ భారత అడవుల పుస్తకంలో రైలుకు పోతున్న కొయ్య గురించి బెంగ కనబడుతుంది. 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. అంతదాకా ఊరోళ్లు తమది అనుకున్న కొండ, ఆ తర్వాత రిజర్వు అయింది. రంపం పట్టినోడికి కొండ మాను పోయి, పట్టా నేలలో మాను మిగిలింది. వేప, చింత, తుమ్మ, మామిడి, పనస. మా తాత జీవితమంతా కోసింది ఇవే. టేకు కోసింది నాలుగైదు తూర్లే అని చెప్పేవాడు, అదేదో తిరుపతి యాత్ర చేసినట్టు.

కాట్పాడి పేరులోనే కాడు ఉందని ఇక్కడి పెద్దలు చెబుతారు. కాడు అంటే అడవి. తమిళంలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. మన తెలుగులో ఆ మాట వల్లకాటికి చేరింది.

ఇప్పుడు అసలు తగాదాకు వస్తాను. హైదరాబాదులో చదువుకుంటా ఉండే మా పెదనాయన మనవరాలు పోయినేడు సంక్రాంతికి వచ్చింది. మా నాయన మాట వింటా వింటా, “తాతా, మీరు మాట్లాడేది సగం తమిళం” అనింది. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ పిల్లను నేను తప్పు పట్టను, కానీ ఆమె ఎత్తిచూపిన మాటలు ఒక్కొక్కటే తీసుకొని చూస్తే సంగతి వేరేగా ఉంది.

ఆమె మొదట పట్టుకున్నది “మాను”. చెట్టు అనాలంట. నిజానికి మాను పాత తెలుగే, మ్రాను అని పుస్తకాల్లో ఉండేదే. తమిళ మరం, మన మ్రాను ఒకే వేరు నుంచి వచ్చిన అన్నదమ్ములు, ఒకరి దగ్గర ఒకరు అప్పు చేసింది కాదు. చెట్టుకు కూడా తమిళంలో తోబుట్టువు ఉంది, సెడి. కానీ తమిళోళ్లకు సెడి అంటే చిన్న మొక్క. అందుకే మా పక్క ఇంత లావు మానును చెట్టు అంటే మా చెవికి కొంచెం తేలిగ్గా వినబడుతుంది. చిత్తూరు, కడప పక్కలా మాను అనేవాళ్లు ఇంకా ఉన్నారు. అది ఎల్ల దాటి వచ్చిన మాట కాదు, ఎల్ల గీయకముందు నుంచీ ఉండే మాట.

రెండోది “సేవ”. “సేవ ఉండే కొయ్య” అని మా నాయన అంటే ఆమెకు గుడి సేవ గుర్తొచ్చింది. అది చేవ. మాను నడుమ ఉండే గట్టి ఎర్ర కొయ్య. చేగ అని కూడా నిఘంటువుల్లో ఉంది. తమిళంలో సేగు. ఇదీ అన్నదమ్ముల లెక్కే. ఇప్పుడు తెలుగు పేపర్లలో “చేవలేని ప్రభుత్వం” అని రాస్తారే, ఆ చేవ అసలు ఇల్లు మాను నడుమే. రంపం పట్టినోడికి ఆ మాట తిట్టు కాదు, ధర. చేవ ఎంత, తెలుపు ఎంత అని చూసే దుంగకు వెల కడతారు.

మూడోది కోయడం. తమిళోళ్లు మాను “అఱుక్కిరాంగ” అంటారు. మేము కోస్తాము. మనకు మాను కోసేదీ, వరి కోసేదీ, కూరగాయలు కోసేదీ, పూలు కోసేదీ అంతా కోతే. తమిళంలో కొయ్ అంటే పూలూ పండ్లూ తెంపేది మాత్రమే. మా మేనల్లుడు చిన్నప్పుడు “తాత మాను కోస్తా ఉండాడు” అని వాడి బడి స్నేహితుడికి తమిళంలోకి మార్చి చెప్పబోయి, తాత మానును పూవు మాదిరి తెంపుతున్నాడని చెప్పినాడంట. ఆ పిలగాడు మా తాతను చూడాలని ఒక ఆదివారం ఇంటికే వచ్చేసినాడు.

ఇంక నిజంగా తమిళం నుంచి తెచ్చుకున్నవి కూడా ఉన్నాయి, దాచేది ఏముంది? రంపపు పొట్టును మేము “తూళ్” అంటాము. మా అవ్వ మాత్రం పొట్టు అనేది. రంపం సాన పట్టే ఆకురాయిని “అరం” అంటాము. మా తాత ఆకురాయి అనేవాడని మా నాయన చెబుతాడు, ఆయన నోట మాత్రం అరమే వస్తుంది. మేకును “ఆణి” అంటాము. వడ్ల పని చేసేవాళ్లను “ఆసారి” అంటాము. చీలను ఆప్పు అంటాము. ఇవి ఎట్లా మారినాయి అని చూస్తే ఒకటి కనబడుతుంది. అంగడిలో కొనేవి, కూలికి మనిషిని పిలిచేవి, పక్కోడితో కలిసి చేసేవి తమిళం అయినాయి. మానుకు సొంతమైనవి, కంటితో చూసి వేలితో తాకి తెలుసుకునేవి తెలుగులోనే నిలిచినాయి. మాను, చేవ, కొమ్మ, బెరడు, నెర్రె, తొర్ర. ఇది నా అంచనా మాత్రమే, ఇంకో ఊరి మాటలు పెట్టి చూస్తే వేరేగా తేలవచ్చు.

ఆ పిల్లకు ఇంకొకటి కూడా చెప్పినాను. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయం మాటల మీద 1962లో తెచ్చినారు, చేనేత మాటల మీద 1971లో ఇంకొకటి. ఎంత పెద్ద పనో చెప్పలేము. కానీ అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల సర్వే. 1911కు ముందు మాకూ చిత్తూరుకూ ఒకటే జిల్లా, ఉత్తరార్కాటు. జిల్లా కచ్చేరి చిత్తూరులోనే ఉండేది. ఆ ఏడు ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా విడిపోయి, మా కచ్చేరి వేలూరుకు వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు చిత్తూరు అటు పోయింది. 1960లో ఎల్లలు మళ్లీ సర్దినప్పుడు తిరుత్తణి ఇటు వచ్చింది. మేము మాత్రం కదలకుండా ఉన్న చోటే ఉన్నాము. సర్వే పుస్తకం పట్టుకున్నోడు క్రిస్టియాన్‌పేట చెక్‌పోస్టు కాడ నిలిచిపోయినాడు అనుకోండి. పరదరామి నుంచి నాలుగు అడుగులు అటు వేస్తే ఆ మాట పదకోశానికి ఎక్కుతుంది, ఇటు ఉంటే ఎక్కదు. 2006లో తమిళం బడుల్లో తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. తమిళం నేర్చుకోవడం తప్పని నేను అనను, ఈ నేలమీద బతికేవాళ్లకు అది కావాల్సిందే. కానీ తెలుగు చదవడం రాని పిల్లల చేతికి ఈ మాటలు నోటిమీదనే అందాలి, ఆ నోరు మా నాయనది.

రంపం కథ ఇంకా ఉంది. మా నాయన పడుచుతనంలో కరెంటు రంపపు మిల్లులు వచ్చి కోతరంపాన్ని తినేసినాయి. గుంట కోతకు మూడు రోజులు పట్టే దుంగ మిల్లులో గంటలో పలకలయ్యేది. తాత రంపం అటక ఎక్కింది అప్పుడే. తర్వాత మిల్లులకూ కష్టకాలం వచ్చింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, అడవుల్లో కేంద్రం అనుమతి లేకుండా నడిచే రంపపు మిల్లులు సహా అన్ని పనులూ నిలిపేయమనింది. 2002 నుంచి ఎక్కడైనా కొత్త మిల్లు పెట్టాలన్నా కోర్టు వేసిన కమిటీ అనుమతి కావాల్సి వచ్చింది. అడవికి అది మంచిదే. మా మాదిరి ఒక్క మాను పడిపోయినోడికి మాత్రం మిల్లు దూరమైంది. ట్రాక్టరు బాడిగ, ఎక్కించే కూలి, కోత కూలి అన్నీ కలిపితే పలక ధర కంటే జాస్తి అయ్యేది.

మా నాయన చైన్ రంపం తెచ్చింది అప్పుడే. కొబ్బరి మాన్లు కొట్టే ఒకాయన దగ్గర మూడో చేతి మాల్‌గా కొన్నాడు. అది జర్మనీ మిషను. ఆండ్రియాస్ స్టిల్ అనే ఆయన 1926లో జర్మనీలో ఈ రంపాల కంపెనీ పెట్టినాడు. తొలి రోజుల్లో చైన్ రంపాన్ని కూడా ఇద్దరు పట్టుకోవాల్సిందే, మా తాత రంపం మాదిరి. ఒంటి మనిషి మోసే మిషన్లు తర్వాత వచ్చినాయి. చైను పళ్ల సంగతి ఇంకా బాగుంటుంది. 1946లో అమెరికాలో జో కాక్స్ అనే కట్టెలు కొట్టేవాడు, మాను లోపల తొలుచుకుంటా పొయ్యే ఒక పురుగు పిల్లను చూసినాడు. అది ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి కొరుకుతా పోతుంది. ఆ దవడల మాదిరి పళ్లు చేసినాడు. ఈ పొద్దు మనం వాడే చైను అదే. మా తాత కూడా రంపం పళ్లను ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంచేవాడు, కోత వెడల్పుగా పడి రంపం కరవకుండా. ఆ పురుగు ఆయనకు కనబడిందో లేదో గానీ లెక్క అదే. మా జిల్లా మాన్యువల్ 1881లో రాసినాయన పేరు కూడా కాక్సే, ఆర్థర్ కాక్స్. ఇద్దరికీ సంబంధం ఏమీ లేదు, నాకు నవ్వొస్తుంది అంతే.

పాత మిషనును బతికించడం గురించి నాలుగు మాటలు చెప్తాను, ఎవరికైనా పనికొస్తే సంతోషం. దానికి మొదటి శత్రువు నిలవ పెట్రోలు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ జాస్తి, అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. కార్బొరేటరు లోపల పల్చటి పొర ఒకటి ఉంటుంది, అది గట్టిపడితే మిషను స్టార్టయి దగ్గి ఆగిపోతుంది. పెట్రోలు గొట్టం చిట్లితే ఇంకా ప్రమాదం. గాలి జాస్తిగా లాగి, టూటీ ఆయిల్ చాలక పిస్టన్ పట్టేస్తుంది. పని అయిపోయినాక ట్యాంకు ఖాళీ చేసి, ఉన్నది కాలిపొయ్యేదాకా తిప్పి పెట్టాలి. కొత్త మిషన్లకు లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ చాలంటారు. మా పాతదానికి 40 పోస్తాము, కొంచెం పొగ వచ్చినా పరవాలేదు.

మానును అడ్డంగా కొట్టే చైనుతో నిలువు కోత కోస్తే అది ముక్కుతుంది, పొట్టు పిండి మాదిరి వస్తుంది. మామూలుగా పన్ను 30 డిగ్రీల వాలులో ఉంటుంది. పలకలు కోసేదానికి దాన్ని 10 డిగ్రీలకు తెచ్చుకోవాలి, గుండ్రటి అరంతో ఒక్కొక్క పంటికీ సమంగా నాలుగు తోపులు. ప్రతి కోసే పంటి ముందూ ఒక చిన్న మెట్టు ఉంటుంది, అది పన్ను ఎంత లోతుకు పోవాలో చెబుతుంది. మా నాయన దాన్ని “కాపలా పన్ను” అంటాడు. మెకానిక్కులు ఏమంటారో నాకు అక్కర్లేదు, ఇంతకంటే మంచి పేరు నాకు దొరకలేదు. కాపలా పన్నును మరీ అరగదీస్తే మిషను ఎగిరి మీదికొస్తుంది. అది పంటికంటే నూలులో ఐదో వంతు తగ్గితే చాలు.

చైన్ రంపంలో నష్టం కూడా ఉంది, చెప్పకపోతే మోసం. దాని కోత దగ్గర దగ్గర మూడు నూళ్లు తింటుంది. ఎనిమిది కోతలు కోస్తే మూడు అంగుళాల కొయ్య తూళ్ అయిపోతుంది. మిల్లు పట్టీ రంపం అందులో పావు వంతు కూడా తినదు. మా దుంగ చుట్టుకొలత 60 అంగుళాలు. అంగడి లెక్కలో చుట్టును నాలుగో వంతు చేసి, దాన్ని దానితోనే గుణించి, పొడుగుతో గుణిస్తారు. అంటే పదిహేను అంగుళాలు అడ్డం, పదిహేను నిలువు, పది అడుగులు, 15న్నర ఘనపుటడుగుల పైచిల్లర. 1736లో ఎడ్వర్డ్ హోపస్ అనే ఇంగ్లీషాయన అచ్చేసిన పట్టికల లెక్క ఇది. నిజంగా ఆ దుంగలో ఉండే కొయ్య దాదాపు 20. కోతలో పొయ్యేది పోనీ అని అయిదో వంతు ముందే కొనేవాడికి వదిలేసినారు. మా తాత ఈ లెక్క వేళ్లమీద చేసేవాడు, హోపస్ పేరు వినకుండానే.

మా వేప దుంగలో మూడో పలక కాడ చైను కిర్రుమని నిప్పులు రాలినాయి. “ఆణి ఉండాది” అన్నాడు మా నాయన, మేకు ఉందని. వేపమానుకు పసుపు బట్ట కట్టి మొక్కేవాళ్లు ఉన్నట్టే, దయ్యాన్ని మానుకు మేకుతో దిగ్గొట్టే నమ్మకం కూడా ఈ పక్క ఉండేది. ఆ మేకు బెరడు కింద నాలుగు అంగుళాల లోపల ఉండాది. చుట్టూ కొయ్య నల్లబడిపోయింది. ఎవరు కొట్టినారో, ఎవరికోసం కొట్టినారో తెలియదు. మా అమ్మ దాన్ని ఇంట్లోకి తేనీలేదు, గట్టుమీదనే పాతేయమనింది. చైనులో ఆరు పళ్లు పోయినాయి. ఒక సాయంత్రమంతా అరం పట్టుకొని కూర్చున్నాను.

చెయ్యి తప్పిన సంగతి జరిగింది ఆ మర్నాడే. తర్వాత రెండు రోజులు మిషను తియ్యలేదు. మూడో రోజు మా నాయన, “ఇంగ ఆపు అనొద్దు, నిలుపు అందాము” అన్నాడు. నాకు ఎందుకో ఒప్పుకోబుద్ధి కాలేదు. ఇట్లనే ఒక్కొక్క మాటా ఇచ్చేసినాము. పొట్టు ఇచ్చినాము, ఆకురాయి ఇచ్చినాము, ఇప్పుడు ఆపు కూడా ఇచ్చేద్దామా? కానీ పిలగాడి చెయ్యికంటే మాట పెద్దది కాదు కదా అని కూడా అనిపించింది. ఏమీ తేల్చుకోలేక మా అక్కనడిగితిని. ఆమె రెండు ముక్కల్లో తేల్చేసింది. “ఆపు మనది, ఆప్పు వాళ్లది. ఇయ్యాల్సిందైతే దాన్ని తిరిగి ఇచ్చెయ్. అవ్వ దాన్ని ఏమనేదో మరిచిపోతివా? కోతి కథ చెప్పలేదా?”

చెప్పింది, మరిచిపోయింది నేనే. పంచతంత్రంలో కోతి కథ అది. గుడి కట్టేవాళ్లు సగం కోసిన దుంగలో కొయ్య ముక్క దిగ్గొట్టి అన్నానికి పోతే, కోతి వచ్చి దుంగమీద కూర్చొని ఆ ముక్కను ఊడబీకుతుంది, సందు మూసుకొని నలిగి చచ్చిపోతుంది. తమిళంలో అది ఆప్పు ఊపిన కోతి కథ, సామెతగా కూడా వాడతారు. మా అవ్వ చెప్పేటప్పుడు మాత్రం కోతి ఊడబీకేది “సీల”. రంపం పట్టే ఇంటి పిల్లలకు ఆ కథ ఎందుకు చెప్పేదో ఇప్పుడు తెలిసింది. అప్పుడు మాకు కోతి తోకే కావాల్సింది.

మా మేనల్లుడికి ఆ సాయంత్రం మా అక్క ఆ కథ చెప్పింది. తెలుగులోనే. మరుసటి రోజు పని మొదలుపెట్టే ముందు మూడు సంగతులు అనుకున్నాము. చెయ్యి పెట్టే మనిషి ఎదురుగా కనబడితేనే మిషను వేలు నొక్కేది. ఆపాలంటే మా నాయన నోటితో అరవకుండా ఎర్ర తువ్వాలు ఎత్తేది. ఇంక ఆప్పు అనే మాట మా చింతమాను కింద వినబడకూడదు. మిగిలిన పలకలు నాలుగు రోజుల్లో అయిపోయినాయి. వాటిని నీడలో, నడుమ నడుమ సన్న కొయ్యలు పెట్టి పేర్చి, కొనలకు సున్నం పూసి ఆరబెట్టినాము. అంగుళం మందానికి ఏడాది ఆరాలని మా నాయన లెక్క. ఆ లెక్క ప్రకారం ఆగి, వాటిలోనుంచి మా అక్క ఇంటికి వాకిలి దారబందం చేయించినాము.

కొయ్య ముక్కలు మాత్రం ఇంకా డబ్బాలో ఉన్నాయి. మా మేనల్లుడు వాటిమీద బొగ్గుతో పేరు రాసి పెట్టినాడు. తెలుగు రాయడం వాడికి రాదు, తమిళ అక్షరాల్లోనే రాసినాడు. ఆ లిపిలో చకారానికీ సకారానికీ ఒకటే అక్షరం, అందుకని వాడు దాన్ని “సీల” అని చదువుతాడు. “చీల అనరా” అని సరిదిద్దబోతే, మా నాయన నన్ను ఆపినాడు. మా అవ్వ కూడా సీల అనే అనేది.